కండ కదలిక కథ

ఒకమారు కుడిచేతిని చాచి, మరల మోచేతికడ ముడిచి చూడుడు. భుజమునకును మోచేతికిని నడుమనున్న కండ పొట్టిదై, లావై, గట్టిపడును. ఎడమచేతితో తాకినచో ఆ గట్టిదనము తెలియును. నాగలి పట్టినవారికిని, బావినుండి నీరు చేదినవారికిని ఇది చిన్ననాటినుండి ఎరిగిన సంగతియే. కాని ఆ కండలోపల ఏమి జరిగినందున అది పొట్టిదైనది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మానవునకు ఇంచుమించు 2,200 సంవత్సరములు పట్టినది.

శరీరశాస్త్రమంతయు వినిపింపవలెనని నేను పూనుకొనలేదు. ఈ ఒక్క ప్రశ్న విషయమున పండితలోకము రెండుమార్లు దారి తప్పెను. రెండుమార్లును ఒక చిన్న కొలత దానిని మరల దారికి తెచ్చెను. మొదటి కొలత ఒక నీటిబొట్టును చూచి తీసినది. రెండవది ఒక నీలిరంగును చూచి తీసినది. ఆ రెండవదానిలో మన గోదావరి సీమవాని చేయి గలదు.

ముందుగా కొన్ని మోటుసంగతులు చెప్పుకొనవలెను. గుండెకండను గూర్చిగాని, ప్రేగులకండను గూర్చిగాని నేను చెప్పబోవుటలేదు. ఎముకలకు అంటియుండి, మన ఇచ్ఛననుసరించి కదలు కండలను గూర్చియే చెప్పుదును. ఇట్టి కండ కొనలు తెల్లని గట్టి స్నాయువులుగా మారి ఎముకలకు అతుకుకొని యుండును. సుశ్రుతసంహిత మానవశరీరమునందు 500 పేశులను లెక్కించినది. నేటి వైద్యులు 600లకు పైగా లెక్కింతురు. లెక్కించు పద్ధతినిబట్టి సంఖ్య మారును గావున ఈ భేదమునకు పెద్ద విలువ లేదు. పెరిగిన మగవాని తూకములో నూటికి ఇంచుమించు 40 పాళ్లు ఈ కండయే. మరియొక సంగతి: కండ లాగగలదే కాని నెట్టలేదు. చేయి ముడుచుటకు ముందువైపు కండయు, చాచుటకు వెనుకవైపు కండయు వేరువేరుగా నుండుట అందుకే. మనము బురదలో దిగబడిన బండిని నెట్టునప్పుడు సయితము లోపల కండలు ఎముకలను లాగుచునే యుండును.

క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఐగుప్తుదేశపు అలెగ్జాండ్రియా పట్టణముతో సంబంధముగల ఎరాసిస్ట్రాటస్ అను గ్రీకు వైద్యుడు ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పెను. శ్వాసతో లోనికిపోయిన వాయువు మెదడులో సూక్ష్మరూపము పొంది, బోలుగానుండు నరముల గుండా కండలోనికి ప్రవహించుననియు, గాలి ఊదిన తిత్తివలె కండ ఉబ్బి, అడ్డముగా పెరుగుటచేత నిలువున పొట్టియగుననియు ఆయన తలచెను. చలనమునకు వాయువు కారణమని మన ఆయుర్వేదమును చెప్పుచున్నది; అంగముల కదలిక అందు వ్యానవాయువుయొక్క పని. ఈ రెండు వాయువులును ఒక్కటేయని నేననను. ఒకటి తిత్తిని నింపు గాలివంటిది. రెండవది త్రిదోషములలోని వాతముయొక్క ఒక భేదము. అయినను కంటికి కానరాని కదలికకు గాలిని కారణముగా ఊహించుట దూరదూరదేశముల వారికిని సహజముగనే తోచినది.

ఈ గాలిసిద్ధాంతమునకు బలము చేకూర్చినవాడు గేలెన్. ఆయన క్రీ. శ. 129 ప్రాంతమున పెర్గమము అను పట్టణమున జన్మించి, అక్కడి రంగస్థలమున కత్తులతో పోరాడు యోధుల గాయములకు చికిత్సచేయుచు కండలను, నరములను కన్నులార చూచినవాడు. అరచుచున్న పందియొక్క కంఠమునకుపోవు నరమును దారముతో బిగించి, దాని గొంతు మూగపోవుటను, దారము వదలగా మరల అరచుటను పదిమంది ఎదుట చూపించెను. కండను ఆడించునది నరమేయని ఇంత స్పష్టముగా అంతకుముందు ఎవరును చూపియుండలేదు. కాని నరమునుండి కండలోనికి వచ్చునదేమన్న ప్రశ్నకు ఆయనయు పాత వాయువునే చెప్పెను. ఆయన చూపినది నిజము, ఊహించినది పొరబాటు. తరువాతివారు రెంటిని వేరుచేయక రెంటిని శిరసావహించిరి. గేలెను మాటకు ఎదురుచెప్పుట ఐరోపాలో 1,300 సంవత్సరములకు పైగా సాహసకార్యముగనే యుండెను. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి తత్త్వవేత్తయగు డేకార్టు గూడ ఆ సూక్ష్మద్రవ్యమే నరములలో ప్రవహించి కండలను ఉబ్బించునని వ్రాసెను.

ఆ కాలముననే హాలెండుదేశమున యాన్ స్వామర్‌డామ్ అను యువకుడుండెను. 1637లో పుట్టి 1680లో, అనగా 43 ఏండ్లకే, మరణించెను. ఈగలను, తేనెటీగలను కోసి వాని ప్రేగులను, నరములను విడదీసి చూపుటలో ఆయన నేర్పునకు నేటివారును ఆశ్చర్యపడుదురు. ఆయన కప్పతొడలోని కండను నరముతోకూడ విడదీసి, నరమును గిల్లెను. కండ ముడుచుకొనెను. కప్ప మెదడు అక్కడ లేదు. మరి మెదడునుండి రావలసిన వాయువు ఎక్కడినుండి వచ్చినట్లు? ఈ ఒక్కటియే చాలియుండునేమో గాని ఆయన అంతటితో ఆగలేదు.

కప్పకండను ఒక గాజుగొట్టములో నుంచి, గొట్టము కొనను సన్నని నాళముగా సాగదీసి, ఆ నాళమున ఒక నీటిబొట్టును నిలిపెను. నరమునకు సన్నని తీగ తగిలించి ఆ తీగను వెలుపలికి వచ్చునట్లు అమర్చెను. ఇపుడు తీగను లాగినచో కండ ముడుచుకొనును. ముడుచుకొనినప్పుడు కండలోనికి క్రొత్తగా ఏదైన వచ్చి అది ఉబ్బినయెడల, గొట్టములోని గాలిని అది త్రోయును. నీటిబొట్టు పైకి పోవలెను. బొట్టు పైకి పోలేదు. ఒక్కొక్కమారు కొంచెము క్రిందికి దిగినట్లు సయితము కనబడెను.

కండ లావగుట నిజమే. కాని పొడవున ఎంత తగ్గినదో అంతకు సరిపడ మాత్రమే లావగుచున్నది. పిండిముద్దను రెండు కొనలను పట్టి దగ్గరకు నొక్కినచో నడుమ లావగును గాని పిండి పెరుగదు గదా! అదే కాలమున, 1667లో, డెన్మార్కుదేశస్థుడగు స్టెన్‌సెన్ ఇదే సంగతిని రేఖాగణితముతో వాదించెను. 1677లో ఆంగ్లేయవైద్యుడు గ్లిసన్ మనుష్యుని చేతిని నీరు నింపిన గొట్టములో నుంచి పిడికిలి బిగింపించి నీటిమట్టము పెరుగలేదని ప్రకటించెను. స్వామర్‌డామ్ వ్రాతలో, ఆయన చనిపోయిన 57 ఏండ్లకు, 1737లో బోయర్‌హావే అను వైద్యాచార్యుని పూనికవలన అచ్చు కెక్క మొదలిడినవి. నా మట్టుకు ఈ నీటిబొట్టు వైద్యచరిత్రలోని గొప్ప సాక్షులలో ఒకటి. డేకార్టు వంటి మేధావి వ్రాసిన దానికన్న అది ఎక్కువ చెప్పినది.

గాలిసిద్ధాంతము పోయెను గాని దాని స్థానమున నిలుపుటకు వేరొకటి వెంటనే దొరకలేదు. 1791లో బొలోన్యా నగరమున గల్వానీ కప్పకాళ్లు విద్యుత్తుచేత అదరుటను ప్రకటించెను. నరములో పారునది వాయువు గాదు, విద్యుత్తునకు సంబంధించినదని తరువాతి శతాబ్దమువారు దృఢపరచిరి. అది పిలుపును గూర్చిన సంగతి. పిలుపు అందుకొన్న కండ ఎట్లు లాగుచున్నదన్నది అట్లే మిగిలెను.

దానిని తెలిసికొనుటకు కండనిర్మాణమును చూడవలెను. మోకును విప్పినచో పురులు, పురిని విప్పినచో నారలు వచ్చునట్లు, కండను విడదీసినచో కట్టలు, కట్టలలో పోగులు వచ్చును. ఒక్కొక్క పోగు వెండ్రుకంత లేక అంతకన్న సన్నమై, అంగుళముల కొలది పొడవుండవచ్చును. అది ఒక్క జీవకణమే. ఆ పోగులో మరల వందల కొలది నారలు గలవు. పదునేడవ శతాబ్దపు చివరిభాగమున హాలెండులోని లేవన్‌హుక్ తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో చూచి పోగుపై అడ్డచారలున్నవని వ్రాసెను. 1840లో లండనులో విలియం బౌమన్ ఆ చారలను చక్కగా వర్ణించెను. ఒక నల్లచార, ఒక తెల్లచార, మరల నల్లచార, ఈ తీరున పోగు పొడవునను ఉండును. తెల్లచార నడుమ ఒక సన్నని అడ్డుగీత గలదు. వెదురుగడలో కణుపునకును కణుపునకును నడుమ ఒక గడి యుండునట్లు, అడ్డుగీతకును అడ్డుగీతకును నడుమ కండకు ఒక గడి. ఆ గడి పొడవు వెండ్రుక మందములో ఇంచుమించు ముప్పదవవంతు. ఒక అంగుళములో దాదాపు 10,000 గడులు పట్టును. ప్రతి గడియు కొంచెము కొంచెము పొట్టియగుటచేతనే కండ పొట్టియగును.

కండ ముడుచుకొనినప్పుడు నల్లచార వెడల్పు మారదనియు, తెల్లచార మాత్రమే సన్నగిల్లుననియు పందొమ్మిదవ శతాబ్దమున కొందరు జర్మను శాస్త్రజ్ఞులు గమనించియుండిరి. ఈ ఒక్క మాటను పట్టుకొని యున్నచో దారి సులువయ్యెడిది. కాని ఇరువదవ శతాబ్దారంభమున అందరి దృష్టియు రసాయనశాస్త్రముమీదికి మరలి, చారలమాట మరుగున పడెను.

ఇక రెండవ పొరబాటు. పెరుగునకు పులుపు నిచ్చునది లాక్టిక్ ఆమ్లము. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచరు, హాప్‌కిన్సు అను ఇరువురు, కప్పకండకు ఆమ్లజని లేకుండచేసి అలసిపోవునట్లు పనిచేయించినచో అందులో ఈ ఆమ్లము పేరుకొనుననియు, ఆమ్లజని తగిలినచో పోవుననియు నిరూపించిరి. ఇంగ్లండులో హిల్ అనునాయన కండనుండి పుట్టు వేడిని అతిసూక్ష్మముగా కొలిచెను. జర్మనీలో మేయర్‌హాఫ్ ఆ ఆమ్లము కండలో దాగియున్న పిండిపదార్థమునుండి వచ్చునని లెక్కలతో చూపెను. 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము వీరిరువురకు చెందెను. వీరి కొలతలు నేటికిని తిరుగులేనివి. అయితే ఆ కొలతలమీద ఒక నమ్మకము పెరిగెను: కండలో ఆమ్లము పుట్టుటయే కండ ముడుచుకొనుటకు కారణమని. పాలలో పులుపు పడగానే విరిగినట్లు, ఆమ్లము తగులగానే కండలోని మాంసకృత్తులు ముడుచుకొనునని తలచిరి. పూర్వము గాలి, ఇపుడు పులుపు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుకొనిరి. స్వదేశీవస్త్రములు ధరించినందున ఒక తెల్లదొర ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, రావలసిన పట్టమునకు మారుగా తక్కువపట్టము పొందిరని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అమెరికాకు పోయి, బోస్టను నగరమున ఒక ఆసుపత్రిలో రాత్రులందు నౌకరుపని చేసికొని పొట్టపోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునికడ పరిశోధనకు చేరిరి.

1925లో వీరిరువురును ద్రవములలోని భాస్వరమును కొలుచుటకు ఒక పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనిదో భాస్వరము అంత యెక్కువ. ఈ పద్ధతి నేటికిని రసాయనశాలలలో వారిపేరనే చెలామణి యగుచున్నది. దీనినే కండనుండి తీసిన రసముమీద ప్రయోగించిరి. ఇతర ద్రవములలో వెంటనే తేలవలసిన రంగు కండరసములో తిన్నతిన్నగా, నిమిషములు గడచినకొలది చిక్కబడుచు వచ్చెను. తొందరపడువారు రసాయనములు చెడిపోయినవని పారబోసియుందురు. వీరు అట్లుచేయక, ఈ భాస్వరము విడిగా లేదనియు, వేరొక పదార్థమున బందీయై యుండి, కొలుచునప్పుడే కొంచెము కొంచెముగా విడివడుచున్నదనియు ఊహించి, వెదకి, ఆ పదార్థమును పట్టుకొనిరి. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. పిల్లికండతో పనిచేయించినచో అది తరుగుననియు, విశ్రాంతి నిచ్చినచో మరల కూడుననియు చూపిరి. పని వలన తరిగి విశ్రాంతి వలన పెరుగు పదార్థము కండ పనికి సంబంధించినది కాకపోవునా? లండనులో ఎగిల్‌టన్ దంపతులును ఆ యేటనే ఇట్టిదానినే కనుగొనిరి. 1929లో జర్మనీయందు మేయర్‌హాఫ్ పరిశోధనశాలలోని లోమన్, హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావుగారలు వేరువేరుగా అంతకన్న ముఖ్యమైన మరియొక భాస్వరపదార్థమును కనుగొనిరి. దాని నిండుపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, ఏ.టి.పి. అను పొట్టిపేరుతో లోకము వ్యవహరించుచున్నది.

ఆమ్లసిద్ధాంతమునకు చివరిదెబ్బ 1930లో కోపెన్‌హేగెను నగరమునుండి వచ్చెను. లుండ్స్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు అయొడో అసెటిక్ ఆమ్లమను విషమును కప్పల కెక్కించెను. ఆ విషము సోకిన కండలో లాక్టిక్ ఆమ్లము పుట్టనే పుట్టదు. అయినను ఆ కండలు కొంతసేపు చక్కగా ముడుచుకొని, ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయిన పిదప బిగుసుకొనిపోయెను. ఆమ్లము లేకయే కండ పనిచేసినది! బహుమానము పొందిన హిల్ మొండిపట్టు పట్టలేదు. 1932లో ఈ మార్పును విప్లవమని పేర్కొనుచు తానే వ్యాసము వ్రాసెను. అది పెద్దమనసు. గేలెను శిష్యులలో అట్టిది తక్కువ.

సుబ్బారావుగారికి హార్వర్డులో నిలుకడైన పదవి దొరకలేదు. 1940లో ఒక మందుల సంస్థకు మారి, 1948లో 53వ యేట మరణించిరి. ఆ సంస్థలో ఆయన నడపిన పరిశోధకబృందమునుండి వచ్చినదే బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజీన్ మాత్ర. ఆ మాత్ర మ్రింగిన మన కోస్తావారిలో ఎందరికి ఆ సంగతి తెలియునో! ఆయనకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా యభిప్రాయము. అట్లని మనవారు కొందరు అన్నట్లు అంతయు ఆయన ఒక్కరే కనిపెట్టిరనుటయు న్యాయము కాదు. పైని చెప్పిన నాలుగైదు పేర్లతోపాటు ఆయన పేరును చెప్పుట న్యాయము.

ఈ భాస్వరపదార్థములు చేయు పని ఇట్టిది. ఏ.టి.పి. మన చేతిలోని చిల్లర. కండ దేనిని కొన్నను ఈ చిల్లరతోనే కొనవలెను. కాని ముమ్మరముగా పనిచేయునపుడు ఉన్న చిల్లర రెండుమూడు క్షణములకే చాలును. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని దోపుకొన్న సొమ్ము. అది చిల్లరను వెంటనే నింపి, ఇంకొక పది క్షణముల వరకు నడపును. కండలో దాగిన పిండిపదార్థము గాదెలోని ధాన్యము. దానిని తీసి, మార్చి, సొమ్ము చేసికొనుటకు కొంత వ్యవధి పట్టును. లాక్టిక్ ఆమ్లము ఆ మార్పిడిలో పుట్టునదే కాని లాగునది కాదు. కోతలనాడు వంగి పనిచేసిన మరునాటి నడుమునొప్పికి కారణము ఆ ఆమ్లమే యను మాట ఇప్పటికిని వినబడుచుండును. అదియు సరిగాదు, పని మానిన గంట రెండుగంటలలోనే ఆ ఆమ్లము రక్తములో కలిసి ఖర్చైపోవును.

చిల్లర ఏదో తెలిసినది, దానిని పుచ్చుకొనువారెవరు? కండలోని ముఖ్యమైన మాంసకృత్తునకు మయోసిన్ అని 1864లో క్యూనే అను జర్మను శాస్త్రజ్ఞుడు పేరిడియుండెను. 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా అను దంపతులు ఆ మయోసినే ఏ.టి.పి.ని విడగొట్టుచున్నదని చూపిరి. పిదప రెండవ ప్రపంచయుద్ధపు మంటల నడుమ, హంగెరీదేశపు సెగెద్ పట్టణమున సెంట్‌గ్యోర్గీయు ఆయన సహచరులును పనిచేసిరి. మిరపపండ్లనుండి సి విటమినును రాశులుగా తీసినవాడు ఈయనయే. 1937లో నోబెలు బహుమానము పొందెను. 1942 ప్రాంతమున స్ట్రాబ్ అను వారి సహచరుడు కండనుండి ఆక్టిన్ అను రెండవ మాంసకృత్తును వేరుచేసెను. ఆక్టిన్, మయోసిన్ రెంటిని కలిపి దారముగా తీసి, దానిపై ఏ.టి.పి. పోయగా ఆ ప్రాణములేని దారము ముడుచుకొనెను. నరము లేదు, రక్తము లేదు, ప్రాణి లేదు. గాజుపాత్రలో కదలిక మాత్రమున్నది.

అప్పటికిని అందరును మాంసకృత్తు తంతువులే చుట్టచుట్టుకొని పొట్టియగునని తలచుచుండిరి. 1954 మే 22వ తేదీన నేచర్ అను ఆంగ్లపత్రికలో రెండు వ్యాసములు ఒక్క సంచికలోనే వెలువడెను. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే అనువారిది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ అనువారిది. ఇంటిపేరు ఒకటియైనను ఇరువురు హక్స్‌లీలకును చుట్టరికము లేదు. మొదటివారు బ్రదికిన కప్పపోగులను, రెండవవారు కుందేటి కండనుండి విడదీసిన నారలను చూచిరి. ఇరుపక్షములవారును చెప్పినది ఒక్కటే: నల్లచార వెడల్పు మారదు, తెల్లచార తగ్గును. పాతకాలపు జర్మనులు చూచి మరచిపోబడిన సంగతియే మరల వచ్చెను!

అర్థమిది. ప్రతి గడిలోను రెండు రకముల తంతువులు గలవు. నడుమ లావుతంతువులు, అవి మయోసిన్. రెండు అడ్డుగీతలనుండియు లోనికి చొచ్చుకొనివచ్చునవి సన్నతంతువులు; అవి ఆక్టిన్. కండ ముడుచుకొనునప్పుడు ఏ తంతువును పొట్టికాదు. సన్నవి లావువాని నడుమ మరికొంత లోనికి జారును. అడ్డుగీతలు దగ్గరకు వచ్చును. రెండుచేతుల వ్రేళ్లను ఎదురెదురుగ సందులలో చొప్పించి లోనికి త్రోయుడు. వ్రేళ్ల పొడవు తగ్గకయే చేతులు దగ్గరయగును.

జార్చునది ఏది? మయోసిన్ తంతువునుండి ఇరువైపులకును చిన్నచిన్న తలలు పొడుచుకొని యుండును. 1957లో హ్యూ హక్స్‌లీ ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో వానిని చూపించెను. బావిలో చేదత్రాటిని చేయి మార్చి చేయి మార్చి లాగినట్లు, ప్రతి తలయు ఆక్టిన్‌ను పట్టును, వంగి లాగును, వదలును, మరల ముందుకుచాచి పట్టును. కొన్ని వదలుచుండగా కొన్ని పట్టియుండును గావున త్రాడు వెనుకకు జారదు. 1966లో ఆండ్రూ హక్స్‌లీయు ఆయన సహచరులును ఒంటి కప్పపోగును రకరకముల పొడవులకు సాగదీసి దాని బలమును కొలిచిరి. రెండురకముల తంతువులు ఎంత మేర ఒకదానిపై ఒకటి వచ్చియున్నవో అంత బలము. బొత్తిగా వేరుపడునట్లు సాగదీసినచో బలము లేనేలేదు.

నరపు పిలుపు ఈ తలలకు ఎట్లు చేరునో జపానుదేశపు ఎబాషి 1960 తరువాతి సంవత్సరములలో విప్పి చెప్పెను. సున్నమునందుండు కాల్షియమను ధాతువు కండపోగులోని సంచులలో దాచబడి యుండును. నరమునుండి విద్యుత్తుపిలుపు రాగానే అది వెలికి దుముకును. ఆక్టిన్‌పై కాపలాయున్న ట్రోపోనిన్ అను మాంసకృత్తు ఆ కాల్షియమును పట్టుకొని దారి వదలును. తలలు పట్టు పట్టును. కాల్షియము మరల సంచులలోనికి చేరగానే కండ సడలును. దానిని లోనికి తోడుటకు సయితము ఏ.టి.పి.యే ఖర్చగును.

తలలు లాగుటకు మాత్రమే గాక, పట్టు వదలుటకు సయితము ఏ.టి.పి. కావలెను. ఊపిరిపోయిన కొన్ని గంటలకు కాలుచేతులు బిగుసుకొనిపోవుటను, శవమునకు స్నానము చేయించిన పెద్దలందరును చూచియుందురు. ప్రాణము పోయిన పిదపను కండలోని చిల్లర కొంతసేపు మిగిలియుండును. అదియు అయిపోగానే కాల్షియము సంచులలోనుండి కారి, తలలన్నియు ఆక్టిన్‌ను పట్టుకొని, వదలలేక నిలిచిపోవును. ఒకటి రెండు దినములలో మాంసకృత్తులే శిథిలమై ఆ బిగువు సడలును. ఎండకాలమున ఇంకను త్వరగా సడలును. లుండ్స్‌గార్డ్ కప్పలు విషముచేత బిగుసుకొనిపోవుటకును ఇదియే కారణము. వేటలో పరుగెత్తి పరుగెత్తి అలసి చచ్చిన జంతువు, నిద్రలో చచ్చినదానికన్న చాల త్వరగా బిగియును. దాని రొంటినున్న సొమ్ము చావునకు ముందే ఖర్చైపోయి యుండును.